పై అంతస్తు కట్టెతో కట్టొచ్చా? మేస్త్రీ నవ్వుతున్నాడు

బోడుప్పల్_బిడ్డ · శనివారం, రాత్రి 9:40

అందరికీ నమస్తే. హైదరాబాద్ శివారు బోడుప్పల్‌లో 200 గజాల్లో ఇల్లు కడుతున్నాం. కింది అంతస్తు స్లాబు పడి నెల దాటింది. పైన రెండు గదులు, ముందు ఒక వరండా రావాలి. ఆ పై భాగం కట్టె స్తంభాలు, కట్టె దూలాలు, పైన పెంకులతో చేయించాలని నా కోరిక.

కారణాలు రెండు. ఒకటి, జనగామ దగ్గర మా అమ్మమ్మ వాళ్ల భవంతి. దూలాలు, వాటి మీద దంతెలు (అడ్డంగా వేసే సన్న కట్టెలు), వాటి మీద చెక్కలు, ఆపైన జానెడు మట్టి. మే నెలలో కూడా మధ్యాహ్నం ఫ్యాన్ లేకుండా పడుకునేవాళ్లం. రెండోది, ప్రపంచం మొత్తం వదిలే కార్బన్ డయాక్సైడ్‌లో సుమారు 8 శాతం ఒక్క సిమెంటు నుంచే వస్తుందని చదివాను. చదివింది స్లాబు పోశాక. అప్పటికే ఖాళీ బస్తాలు గోడ పక్కన గుట్టగా పడున్నాయి.

మేస్త్రీకి చెప్తే "పైన కొట్టం ఏస్తరా సార్?" అని నవ్వాడు. మా ఆవిడ ఒకే మాట అంది: చెదలు. అమ్మ ఇంకా ఏమీ అనలేదు, నాకు అదే ఎక్కువ టెన్షన్.

సిటీలో ఈమధ్య ఎవరైనా చేయించారా?

చింతచెట్టు · రాత్రి 10:05

చెట్లు కొట్టి పర్యావరణాన్ని కాపాడతారన్నమాట. బాగుంది భయ్యా.

స్లాబ్_సార్ · రాత్రి 10:52

నేను స్ట్రక్చరల్ ఇంజనీర్‌ని. నవ్వినందుకు మీ మేస్త్రీని ఏమీ అనకండి, ఆయన చేతికి ఆ పని ఎప్పుడూ తగిలి ఉండదు. మాకూ కాలేజీలో కట్టె డిజైన్ రెండు క్లాసుల్లో ముగించారు. కానీ భారతీయ ప్రమాణాల్లో ఐఎస్ 883 అని దానికో కోడ్ ఉంది, నేషనల్ బిల్డింగ్ కోడ్ 2016లో కట్టెకు, వెదురుకు చోటు ఉంది. కాబట్టి "రూల్స్ ఒప్పుకోవు" అని ఎవరైనా అంటే నమ్మకండి.

బరువు విషయంలో మీకు లాభమే. 5 అంగుళాల స్లాబు చదరపు మీటరుకు 300 కేజీల పైనే తూగుతుంది. కట్టె, పెంకుల కప్పు అందులో సగం కూడా రాదు. కింది పిల్లర్లకు, పునాదికి హాయి.

ఇబ్బంది కూడా ఆ తేలికలోనే ఉంది. ఏప్రిల్, మే నెలల్లో మన దగ్గర గాలిదుమారం ఎలా లేస్తుందో తెలుసుగా. స్లాబును గాలి ఎత్తలేదు, తేలిక కప్పును ఎత్తుతుంది. వాసాన్ని దూలానికి, దూలాన్ని స్తంభానికి, స్తంభాన్ని కింది స్లాబుకు బోల్టులతో, ఇనుప పట్టీలతో వరుసగా కట్టేయాలి. ఎక్కడ ఒక్క జోడింపు మేకు మీద వదిలేసినా గాలి అక్కడే పట్టుకుంటుంది.

ఇంకోటి. బాత్రూమ్ మాత్రం ఇటుకతోనే కట్టండి. కట్టెకు నిప్పు కన్నా తడి ప్రమాదం. లోన్ తీసుకుని ఉంటే బ్యాంకు వాల్యుయేషన్ చేసే ఆయనతో ముందే మాట్లాడుకోండి, చూసి బిత్తరపోతాడు.

రాత్రి_షిఫ్ట్ · రాత్రి 11:30

నిప్పు ప్రమాదం కాదా సార్? కట్టె అంటుకోకపోతే పొయ్యిలో దేనికి పెడతాం?

స్లాబ్_సార్ · రాత్రి 11:48

అంటుకోదని అనలేదు తమ్ముడూ. పొయ్యిలో పుల్లలు పెట్టి చూడు, మొద్దు పెట్టి చూడు. మొద్దు పైన బొగ్గు పొర కడుతుంది, ఆ పొర లోపలి కట్టెను కొంతసేపు కాపాడుతుంది. పైన్ లాంటి మెత్తని కట్టె నిమిషానికి సుమారు 0.65 మిల్లీమీటర్ల లెక్కన బొగ్గవుతుందని యూరప్ కోడ్ లెక్క. గంటకు 4 సెంటీమీటర్లు. ఆ మేర దూలాన్ని ముందే లావుగా తీసుకుంటారు. ఇనుము మండదు గానీ 550 డిగ్రీలు దాటితే సగం బలం పోయి వంగిపోతుంది.

నార్వేలో 2019లో పూర్తైన మ్యోస్టోర్నెట్ 18 అంతస్తుల కట్టె భవనం, ఎత్తు 85.4 మీటర్లు. అమెరికాలో మిల్వాకీలో 2022లో 25 అంతస్తులది లేచింది. అయితే అక్కడ కూడా కింది ఆరు అంతస్తులు కాంక్రీటే. నార్వే భవనంలో గాలికి ఊగకుండా పైన కావాలనే కాంక్రీటు నేలలు వేశారు. పలకలను అతికించి చేసే పెద్ద దూలాలు అవి, మన బజార్లో దొరికే సరుకు కాదు. మన ప్రశ్న రెండు గదులది, దాన్ని రెండు గదులంతే ఉంచుదాం.

మంచిర్యాల_మేడమ్ · ఆదివారం, ఉదయం 6:15

చింతచెట్టు గారికి. అటవీ శాఖలో పనిచేసి రిటైరైనదాన్ని, మీ కోపం నాకు కొత్త కాదు. అడవిలో చెట్టు కొట్టడం, పెంచిన చెట్టు కొట్టడం ఒకటి కాదు. పొలం గట్టు మీద టేకు పెట్టిన రైతు దాన్ని ఎప్పటికైనా అమ్ముకోవచ్చన్న ఆశతోనే పెడతాడు. కట్టె కొనేవాడు లేకపోతే ఆ గట్టు మీద చెట్టే ఉండదు.

1993లో సీపీడబ్ల్యూడీ (కేంద్ర ప్రజా పనుల శాఖ) తన కట్టడాల్లో కట్టె వాడకం నిషేధించింది. అడవులు మిగులుతాయన్న ఉద్దేశం మంచిదే. తలుపులు, కిటికీలు అల్యూమినియం, స్టీలు, ప్లాస్టిక్ అయ్యాయి. 2020లో మళ్లీ నిషేధం ఎత్తేశారు. ఈ మధ్యలో ఒక తరం ఇంజనీర్లు కట్టె పట్టుకోకుండానే రిటైరయ్యారు (స్లాబ్_సార్ గారు ఏమీ అనుకోవద్దు).

ఇల్లు కట్టేవాళ్లకు ఒక మాట. సొంత పొలంలో చెట్టైనా వాల్టా (నీరు, భూమి, చెట్ల) చట్టం, 2002 కింద అనుమతి చూసుకోవాలి. రవాణాకు పర్మిట్ కావాలి. "రాత్రికి లారీలో దింపుతా, బిల్లు అడగొద్దు" అనేవాడి దగ్గర మాత్రం కొనకండి. ఆ కట్టె ఎక్కడి నుంచి వస్తుందో నాకు తెలుసు.

చింతచెట్టు · ఉదయం 8:20

మేడమ్, మీ మాట కాదనను. కానీ జామాయిల్ వరసలు నాటి "అడవి పెరిగింది" అనేవాళ్లను కూడా చూశాం. దాంట్లో పిట్ట వాలదు, కింద గడ్డి మొలవదు.

మంచిర్యాల_మేడమ్ · ఉదయం 8:41

అది తోట, అడవి కాదు. తోటను తోట అనే పిలవాలి. అక్కడ మీతో ఏకీభవిస్తున్నాను.

డిపో_భయ్యా · మధ్యాహ్నం 1:10

ముషీరాబాద్ వైపు మా నాన్న కాలం నుంచి టింబర్ డిపో. నా వ్యాపారం కాబట్టి నా మాట సగం తగ్గించి వినండి.

జనం వచ్చి "బర్మా టేకు ఉందా" అని అడుగుతారు. బర్మా వాళ్లు 2014 ఏప్రిల్ నుంచి దుంగల ఎగుమతి ఆపేశారు. ఇప్పుడు డిపోల్లో దిగేది ఎక్కువగా ఆఫ్రికా, లాటిన్ అమెరికా తోటల టేకు: ఘానా, నైజీరియా, టాంజానియా, ఈక్వడార్. చెడ్డదని కాదు. లేత చెట్టైతే చేవ (నడిమి గట్టి కట్టె) తక్కువ, చుట్టూ తెల్ల భాగం ఎక్కువ. చెదలు తినేది ఆ తెల్ల భాగాన్నే. టేకుకు చెదలు పట్టవన్న మాట చేవకే వర్తిస్తుంది. "టేకు కొన్నాం, చెదలు పట్టాయి" అని ఏడ్చేవాళ్లలో చాలామంది కొన్నది తెల్లదే.

కొలత తెలుసుకుని రండి. కోసిన కట్టెకు వెడల్పు అంగుళాలు, మందం అంగుళాలు, పొడవు అడుగులు గుణించి 144తో భాగిస్తే ఘనపుటడుగులు, అంటే సీఎఫ్‌టీ. 5 × 3 అంగుళాల దర్వాజకు నిలువులు ఏడేసి అడుగులు, పైది, గడప మూడున్నర చొప్పున, మొత్తం 21 అడుగులు. దాదాపు 2.2 సీఎఫ్‌టీ. గుండ్రటి దుంగకైతే చుట్టుకొలతలో నాలుగో వంతు తీసుకుని, దాన్ని దానితోనే గుణించి, పొడవుతో గుణిస్తాం. ఈ లెక్కలో అసలు పరిమాణం కన్నా 21 శాతం తక్కువ వస్తుంది. లాభం అనుకోకండి, ఆ తేడా తొక్కలో, రంపపు పొట్టులో పోతుంది.

లెక్కల_రాధ · సాయంత్రం 4:35

భయ్యా సీఎఫ్‌టీ అన్నాడు కాబట్టి ఆ లెక్కలోనే చెప్తా. ఒక సీఎఫ్‌టీ టేకు సుమారు 18 కేజీలు. తేమ తీసేస్తే 16 అనుకోండి. ఎండు కట్టెలో దాదాపు సగం కార్బన్, అంటే 8 కేజీలు. ఆ 8 కేజీలను చెట్టు గాలిలోంచే పీల్చింది. కార్బన్ డయాక్సైడ్‌గా మారిస్తే 30 కేజీలకు దగ్గర. 50 కేజీల సిమెంటు బస్తా తయారీలో వెలువడేది కూడా అటూ ఇటూగా అంతే, రకాన్ని బట్టి 30 నుంచి 40.

అంటే ఒక సీఎఫ్‌టీ టేకు ఇంట్లో నిలబడి ఉన్నంతకాలం ఒక బస్తా సిమెంటు వదిలినంతా పట్టి ఉంచుతుంది. ఉన్నంతకాలం అన్నచోట ఆగండి. ఇరవై ఏళ్లకు ఇల్లు కూల్చి ఆ కట్టెను హోటల్ పొయ్యికి పంపితే లెక్క మొత్తం గాలికే. చెట్టు ఎదగడానికి యాభై అరవై ఏళ్లు పట్టి, తలుపు ఇరవై ఏళ్లే ఉంటే అది అప్పు కిందే లెక్క.

చింతచెట్టు · సాయంత్రం 4:50

ఇప్పుడు నాకు అర్థమయ్యే మాట చెప్పారు.

మోడరేటర్ · సాయంత్రం 6:00

డబ్ల్యూపీసీ (కట్టె పొడి, ప్లాస్టిక్ కలిపి చేసే) దర్వాజల ప్రకటన ఒకటి, ఫోన్ నంబర్ తొలగించాం. అమ్మకాలకు వేరే విభాగం ఉంది.

వడ్లింటి_పిల్లోడు · రాత్రి 10:15

మా తాత, నాన్న వడ్లపని. నేను గచ్చిబౌలిలో కోడ్ రాసుకుంటున్నా, నాన్న ఇంకా బాడిస దించలేదు. రాధక్క అన్న "ఉన్నంతకాలం" మాట నాన్నకు చదివి వినిపించా. ఆయన "మరి పాత కట్టె కొనమను" అన్నాడు. దాని గురించి రాస్తా, కొంచెం పొడుగవుతుంది.

పద్మారావునగర్, మారేడ్‌పల్లి, పాతబస్తీ, ఎక్కడ పెంకుటిల్లు పోయి అపార్ట్‌మెంట్ లేస్తున్నా ముందు వచ్చేది కూల్చివేత కాంట్రాక్టర్. కట్టె, ఇనుము, కిటికీలు తనవే అని ఇంటాయనకు డబ్బు కట్టి మరీ కూలుస్తాడు. ఆ దూలాలు భోయిగూడ వైపు పాత కట్టె అమ్మేవాళ్ల దగ్గర తేలతాయి. సిటీ నడిబొడ్డున మనకున్న టేకు అడవి అదే అంటాడు నాన్న. ఎనభై, వందేళ్లు ఇళ్లలో ఎండిన కట్టె. ఇక వంగదు, మెలిక తిరగదు. ఎంత కదలాలో అంతా ఎప్పుడో కదిలేసింది.

మీకు తలుపులు శ్రావణంలో ఎందుకు బిగుసుకుంటాయో తెలుసా? ముహూర్తం దగ్గర పడిందని పచ్చి కట్టె తెచ్చి ఎండాకాలంలో తలుపు చేయిస్తాం. మన ఊళ్లో మే నెలలో గాలి పొడి, జులైలో చెమ్మ. కట్టె అడ్డంగా ఉబ్బుతుంది, నిలువుగా దాదాపు కదలదు. తలుపు వెడల్పు పెరిగి దర్వాజకు ఒరుసుకుంటుంది. అంచును చిత్రిక పట్టించేస్తాం, సంక్రాంతికి సందు కనపడుతుంది. తప్పు వడ్లాయన మీద పడుతుంది.

పాత దూలం ఎలా చూడాలంటే:

ముందు చివర్లు చూడాలి. గోడలో దిగి ఉన్న జానెడు భాగం తడికి పుచ్చిపోయి ఉంటుంది, మధ్యదంతా ఉక్కులా ఉంటుంది. అమ్మేవాడు చివర్లకు మట్టి పూసి ఉంటే అనుమానించు. కొనే పొడవులోంచి రెండు వైపులా అడుగు చొప్పున తీసేసి బేరం ఆడు. తర్వాత సుత్తితో వరసగా కొట్టుకుంటూ పో. గట్టిదైతే శబ్దం ఖంగుమంటుంది, గుల్లైతే బోలుగా వస్తుంది. చెవి పెట్టక్కర్లేదు, చేతికే తెలుస్తుంది. మూల దగ్గర ఉలితో గోరంత లేపి చూడు. పైన బూడిద రంగు, లోపల తేనె రంగు, నూనె వాసన వస్తే టేకు. నూరేళ్లైనా ఆ వాసన ఉంటుంది.

మేకులు. రంపం మిల్లు వాళ్లు పాత కట్టె అంటే మొహం చిట్లించేది వీటి వల్లే. అయస్కాంతం తాడుకు కట్టి నాలుగు వైపులా తిప్పు. మేకున్న చోట నల్లమచ్చ కూడా ఉంటుంది. పాత ఆయిల్ పెయింట్ ఉంటే పొడిగా కాగితంతో రుద్దకు, దాంట్లో సీసం ఉండొచ్చు. నీళ్లు చల్లి గీకాలి, ఇంట్లో పిల్లలుంటే మరీ జాగ్రత్త.

టేకే దొరకాలని లేదు. పాత ఇళ్లలో మద్ది, ఏగిస, వేప కూడా తగులుతాయి. తాటి దూలమైతే గుర్తుంచుకో, తాటికి చేవ బయట, టేకుకు చేవ లోపల. తాటి దూలాన్ని పైపైన చెక్కితే గట్టిదంతా పోయి పీచు మిగులుతుంది.

చెదలకు నాన్న మందు: స్తంభం నేలకు ఆనకూడదు. కింద అడుగెత్తు గ్రానైటు దిమ్మ. హైదరాబాద్‌లో రాయికి కరువా. రాయి మీదుగా చెదలు ఎక్కాలంటే మట్టి గొట్టం కట్టుకోవాలి, అది కంటికి కనపడుతుంది, చీపురుతో తుడిచేయొచ్చు. కనపడకుండా వచ్చే దారి ఇవ్వకపోవడమే అసలు పని.

దూలం_దంతె · రాత్రి 11:02

బాద్‌షాహీ ఆశూర్ఖానా (పాతబస్తీలో మొహర్రం సంతాపం జరిగే పాత మందిరం) వెళ్లి చూడండి. టైల్స్ చూడ్డానికి అందరూ పోతారు, ఆసఫ్‌జాహీల కాలంలో కలిపిన ముందరి కట్టె స్తంభాల వైపు ఎవరూ చూడరు. మూసీ వరద 1908లో లోపలికి వచ్చిన చోటు అది.

స్లాబ్_సార్ · సోమవారం, ఉదయం 7:30

వడ్లింటి అబ్బాయి రాసింది మా క్లాసుల్లో చెప్పుంటే బాగుండేది. ఒక్కటి కలుపుతాను. పాత దూలం చూపుకు బాగున్నా లోడు లెక్కకు కోడ్‌లో ఉన్న పూర్తి బలం పట్టుకోను. ముడులు, పాత బెజ్జాలు ఉన్న వైపు పైకి పెట్టించండి. దూలం వంగినప్పుడు అడుగు వైపు సాగుతుంది, లోపం అడుగున ఉంటే అక్కడే చీలుతుంది.

అలాగే పెంకుల కింద ఉత్త చెక్క పలకలతో అమ్మమ్మ ఇంటి చల్లదనం రాదు. కట్టె వేడిని కాంక్రీటు కన్నా పదో వంతే లోపలికి పంపుతుంది, నిజమే. కానీ ఆ ఇంటి చల్లదనంలో పెద్ద వాటా పైనున్న జానెడు మట్టిది, మందపాటి గోడలది. తేలిక కప్పుకైతే పెంకుకూ పలకకూ మధ్య గాలి ఆడే సందు వదిలి, కొప్పు దగ్గర వేడి బయటికి పోయే దారి పెట్టండి.

బోడుప్పల్_బిడ్డ · మూడు వారాల తర్వాత, ఆదివారం

ఆలస్యానికి క్షమించండి. జరిగింది చెప్తా.

గోడలు ఇటుకవే కడుతున్నాం. కప్పు, వరండా మాత్రం కట్టె. ఒక ఇంజనీర్‌తో లెక్క వేయించాం. వడ్లింటి తమ్ముడి పోస్టు ప్రింటు తీసుకుని భోయిగూడ పోయా. మొదటి రెండు చోట్ల సుత్తి తీయగానే "సార్, మీరు కొనేటోళ్లు కాదు" అన్నారు. మూడో చోట ముసలాయన తనే సుత్తి అందుకుని కొట్టి చూపించాడు, రెండు దూలాలు ఆయనే పక్కన పెట్టేశాడు. 14 వాసాలు, 6 స్తంభాలు తీసుకున్నా. కొత్త టేకు ధరలో సగం కన్నా కొంచెం ఎక్కువ పడింది.

తర్వాత అమ్మ మాట్లాడింది. "ఎవరింట్లో ఏం ఏడుపులు చూసిందో ఆ కట్టె, మన నెత్తి మీద పెడ్తవా?" అని. పాత కట్టె కొత్తింటికి పనికిరాదని ఆమె నమ్మకం. అయ్యగారిని అడిగాం. ముఖద్వారం, గడప కొత్త కట్టెతో పెట్టండి అన్నాడు. ఆ మాత్రం దానికి సరే అన్నా. దర్వాజకు డిపోలో కొత్త టేకు 2.2 సీఎఫ్‌టీ, లెక్క నేనే కట్టి చూపిస్తే డిపోలో కుర్రాడు బిల్లు మార్చి రాశాడు. ముందు 2.6 రాశాడు.

మిల్లులో అయస్కాంతం తిప్పినా ఒక మేకు తప్పించుకుంది. రంపం బ్లేడు పళ్లు లేచిపోయాయి, దాని డబ్బు నా మీదే. మేకు దాచుకున్నా. నాలుగు పలకల మేకు, చేత్తో కొట్టింది, తల పువ్వులా ఉంది.

ఇప్పుడు అసలు డౌటు. ఒక వాసానికి గుండుసూది బెజ్జాలున్నాయి, కింద తెల్లటి పొడి. ఇది ఏంటి?

వడ్లింటి_పిల్లోడు · అదే రోజు, సాయంత్రం

అన్నా, పుచ్చుపురుగు. బెజ్జాలు పాతవైతే భయం లేదు, పురుగు ఎప్పుడో పోయి ఉంటుంది. పొడి తాజాదా కాదా అన్నదే ప్రశ్న. వాసాన్ని బాగా దులిపి, విడిగా పెట్టి, కింద నల్లకాగితం పరిచి నాలుగు రోజులు ముట్టుకోకు. మళ్లీ పిండిలా రాలితే లోపల ఉంది. అది తినేది తెల్ల భాగాన్నే, దాన్ని చేవ దాకా చెక్కించేయ్. మిగతా వాటికి బోరాక్స్, బోరిక్ యాసిడ్ నీళ్లలో కలిపి రెండుసార్లు పూయించు. అది లోపలి కట్టెకే, వాన తగిలే చోట కడిగి పోతుంది. వరండా అంచుకు వేరే పూత చూద్దాం.

బోడుప్పల్_బిడ్డ · గురువారం

కాగితం మీద పిండి పడింది. తెల్లదంతా చెక్కిస్తే చేవ మూడంగుళాలే మిగిలింది, వాసానికి రాదు. ఇంకోటి కొనాలి. ఆ ముక్కతో పీట చేయించమని అమ్మ అడిగింది. నేనేమీ అనలేదు.

రాత్రి_షిఫ్ట్ · గురువారం

భోయిగూడ ముసలాయన దుకాణం ఎక్కడ అన్నా? మా నాన్న ఉప్పల్‌లో రూఫ్ వేయిస్తున్నాడు.

బోడుప్పల్_బిడ్డ · గురువారం

ఇన్‌బాక్స్ చూడు. పొద్దున పదకొండు తర్వాత పో, అంతకుముందు తెరవడు. సుత్తి నీదే తీసుకుపో.